రెండో స్టీరింగు

పోయిన వారం హేమంత్‌ని మనం స్టూలు మీద నిలబెట్టి వచ్చేశాం. చేతిలో మిగులు డబ్బా, మొహం నిండా చెమట, ఇంట్లో మరో మనిషి లేడు. పాపం, ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు. ముందు అతన్ని కిందికి దించుదాం.

కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు మాటలు. హేమంత్ ఉర్లాలో ఒక రోలింగ్ మిల్లులో స్టోర్స్ ఇన్‌ఛార్జి. తండ్రి రైల్వే ఉద్యోగం కోసం పలాస నుంచి రాయ్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు కాబట్టి ఇతనికి ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న ఒక్క పిచ్చీ లారీ బొమ్మల కిట్లు. పెట్టెలో ప్లాస్టిక్ చట్రాలకి అంటుకుని వచ్చే ముక్కల్ని కత్తిరించి, ఆకురాయితో అరగదీసి, అతికించి, రంగులేసి, జానెడున్నర పొడవు లారీ తయారుచేస్తాడు. ఒకే కిట్టులో రెండు మూడు రకాల బళ్ళకి సరిపడా సామాను ఇస్తారు. కుడివైపు కూర్చుని నడిపే దేశాలకొక డ్యాష్‌బోర్డు, ఎడమవైపు నడిపేవాళ్ళకొకటి, ఇలాగ. అందుకని బండి పూర్తయ్యాక ప్రతిసారీ ఏవో మిగులుతాయి. అద్దాలు, హారన్లు, సైలెన్సర్ గొట్టాలు, చక్రాల మూతలు. వాటిని పాత బిస్కెట్ల డబ్బాలో పోసి, "ఇదిగో, ఆడుకో" అని భార్య నళిని చేతిలో పెట్టాడు.

కొంప ముంచింది ఆ ఒక్క మాటే. నళిని నిజంగానే ఆడుకుంది. చక్రాల మూతలు బోర్లిస్తే మూకుళ్ళయ్యాయి. సైలెన్సర్ గొట్టం పొయ్యి మీద పొగగొట్టమైంది. బ్యాటరీ పెట్టె బల్ల అయింది, డీజిల్ ట్యాంకు నీళ్ళ తొట్టి అయింది, మిగిలిన సైడు అద్దం గోడకెక్కి డ్రైవర్లు తల దువ్వుకునే అద్దమైంది. వెనక లైటు ఎర్ర ముక్క దేవుడి గూట్లో దీపమైంది. ఒక చెక్క పలక మీద బుల్లి ధాబా లేచింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు హేమంత్ లారీల బీరువా ముందు నుంచి నడిచి వెళ్ళి ధాబా ముందు ఆగడం మొదలుపెట్టారు. ఒకాయనైతే, "అన్నా, ఆ లారీ కాస్త పక్కకి జరుపు, ధాబా ఫోటో తీసుకుంటా" అన్నాడు. హేమంత్ జరిపాడు. ఆ రోజు నుంచి అతనికి అన్నం సహించడం లేదు.

ఇక పోయిన వారం సంగతి. మిల్లులో ఏటా విశ్వకర్మ పూజకి దేవుడి పక్కన బల్ల మీద హేమంత్ కొత్త లారీ పెట్టడం ఆనవాయితీ. కుటుంబాలన్నీ వస్తాయి, అందరూ చూస్తారు, ఏడాదికి సరిపడా పొగడ్త అతనికి ఆ ఒక్క రోజే దొరుకుతుంది. ఈసారి మేనేజరు గిరిధర్ పిలిచి, "హేమంత్ భాయ్, ఇస్ బార్ భాభీజీ ధాబా తీసుకురా. లారీ ఎప్పుడూ చూస్తున్నదే కదా" అన్నాడు. హేమంత్ "జీ సార్" అన్నాడు. ఇంటికొచ్చి నళినికి ఒక్క ముక్క చెప్పలేదు. ఆదివారం అత్తా కోడళ్ళు గుఢియారీ మార్కెట్‌కి వెళ్ళగానే స్టూలెక్కి డబ్బా దించాడు.

సరే, దిగాడు.

హేమంత్‌కి ఒక నియమం ఉంది. కిట్టుతో వచ్చే కాగితంలో ఏ ముక్క ఎక్కడ చెప్పారో అక్కడే పెట్టాలి, చెప్పని ముక్క బండి మీద ఉండకూడదు. ఆ నియమం గురించి నళినికి గంటలకొద్దీ పాఠాలు చెప్పాడు. ఇప్పుడు ఆ కాగితం మడిచి తన కింద వేసుకుని కూర్చుని, డబ్బాలోవన్నీ కొత్త లారీకి అంటించడం మొదలుపెట్టాడు. డ్రైవరు తలుపుకి ఒక అద్దం చాలదన్నట్టు దాని కింద ఇంకోటి, దాని కింద ఇంకోటి. కప్పు మీద హారన్లు వరసగా. బంపరు మీద బంపరు. దీపాల పక్కన దీపాలు. మామూలుగా వాడే గమ్ము ఆరడానికి పూటంతా పడుతుంది. వాళ్ళు మార్కెట్ నుంచి వచ్చేస్తారు. అందుకని చెప్పుల అరలో దొరికిన చిటికెలో పట్టే గమ్ము తీశాడు. అది పెడితే మెరిసే ముక్కల మీద తెల్లగా మసక పడుతుందని అతనికి తెలుసు. తెలిసే పెట్టాడు.

డబ్బా అడుగున ఖాళీ కుంకుమ భరిణె ఒకటి కనిపించింది. తీస్తే దూది. దూది మధ్యన రెండో స్టీరింగు, ఎడమ డ్యాష్‌బోర్డుది. నళిని దాన్ని విడిగా దాచుకుంది. దేనికోసమో అతనికి తెలియదు. దాచుకుందంటే దాంతో ఏదో గొప్ప పని పెట్టుకుందన్నమాటే. లారీ నుదుటి మీద పలక ఉంది, దాని మీద సన్న కుంచెతో 'హేమంత్ రోడ్‌లైన్స్' అని రాసుకున్నాడు. సరిగ్గా ఆ పలక పైఅంచు మధ్యలో స్టీరింగుని బొట్టుబిళ్ళలా అంటించాడు. వేలితో అదిమి పట్టుకున్నాడు. మనసు చల్లబడుతుందనుకున్నాడు గానీ చల్లబడలేదు.

నళిని సంచీలు దించి చేతులు కడుక్కుని నేరుగా డబ్బా దగ్గరికే వెళ్ళింది.

"ఏమండీ, డబ్బాలో సామానేదండీ?"

"వాడేశాను."

"అంతా?"

"నా కిట్లే కదా. నా సామానే కదా."

నళిని బల్ల మీది లారీని చూసింది. వెనకే వచ్చిన అత్తగారు కోటమ్మ కూడా చూసి బుగ్గన వేలేసుకుంది.

"ఓలమ్మో! ఏటిరా ఇది? లారీకి పెళ్ళేటైనా సేస్తన్నావా? ఈ అద్దాలేటి, ఈ బూరాలేటి?"

"నువ్వూరుకో అమ్మా."

"నానెందుకూరుకుంటాను? సిన్నప్పుడూ అంతే ఈడు. పక్కింటోడి సేతిలో గాలిపటం సూస్తే ఈడికి జొరమొచ్చీది. నీ బుద్ధి నాకు తెల్దేటి?"

నళిని అత్తగారి మాటలు వినడం లేదు. లారీ మీదికి వంగి, ముక్కల చుట్టూ పడ్డ తెల్లటి మసక చూస్తోంది. ఏ గమ్మో, ఎంత తొందరలో పెట్టాడో ఆమెకి అర్థమైంది. ఆమె కళ్ళు నుదుటి పలక దగ్గర ఆగిపోయాయి.

"భరిణెలో దూదిలో చుట్టి పెట్టాను. అది కూడానా?"

"అదీ కిట్టులోదే."

"మిగిలినవి నీకే అన్నారు కదండీ. మీరే కదా డబ్బా ఇచ్చారు."

"ఇచ్చాను. చెత్త కదా అని ఇచ్చాను."

"చెత్తయితే మరి మీ లారీకెందుకు అంటించుకున్నారు?"

ఈ ప్రశ్నకి జవాబు ఉన్నవాళ్ళెవరైనా ఉంటే హేమంత్‌కి అరువివ్వండి. అతను ఫ్యాను స్పీడు పెంచాడు. సరిగ్గా అప్పుడే నళిని ఫోను మోగింది.

గిరిధర్ భార్య భావన. వాళ్ళది భిలాయి తెలుగు కుటుంబం, ఆవిడకి గొంతు తగ్గించి మాట్లాడడం రాదు. ఫోను నళిని చెవి దగ్గరున్నా ప్రతి మాటా గదిలోకి వచ్చింది.

"నళినీ, ధాబా తయ్యారేనా? బల్ల మీద జాగా మొత్తం నీకే ఉంచమన్నారు మా ఆయన. పోయిన వారమే హేమంత్‌కి చెప్పారట కదా, నువ్వొక ఫోను కూడా చెయ్యలేదేంటి, హా?"

నళిని హేమంత్ మొహంలోకి చూసింది. చూస్తూనే మాట్లాడింది.

"చెప్పారండీ. ఆ రోజే చెప్పారు. నేనే, పని పూర్తయ్యాక చేద్దాంలే అనుకున్నా."

"అచ్ఛా, అయితే ఒక్క ధాబాయేనా?"

"కాదండీ. ఆయన లారీ కూడా. అది లేకుండా నేను ధాబా తీసుకురాను. ముందే చెప్తున్నా."

ఫోను పెట్టేశాక కోటమ్మ కొడుకు వంక ఒక చూపు చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే హేమంత్‌కి కొంత తేలికయ్యేది.

"నాకు చెప్తే మీ లారీని బల్ల మీంచి తీయించేస్తాననుకున్నారా?" అంది నళిని. "ఆ ధాబా ద్వారం ఎత్తు దేనికి సరిపోయేలా పెట్టానో తెలుసా మీకు? మీ లారీ తలుపులోంచి డ్రైవరు దిగితే తల తగలకుండా. బల్లలు ఎంత దూరంలో వేశానో తెలుసా? మీ లారీ తిరగడానికి. ఆగే లారీయే లేకపోతే ధాబా ఎవరికండీ?"

ఈ మాట వింటే ఏ మొగుడికైనా మనసు కరగాలి. హేమంత్‌కి కరగలేదు. పైపెచ్చు ఇంకా మండింది. ఆమెకి తన మీద ఈర్ష్య లేదు. ఒక్క చుక్క కూడా లేదు. ఉంటే ఇద్దరూ సమానమయ్యేవాళ్ళు. తన పనితనం చూసి ఆమె లోలోపల కుళ్ళుకోవాలి, అప్పుడు తను పెద్దమనసుతో ఓదార్చాలి. ఆ అవకాశం కూడా లేకుండా చేసిందే అని కుళ్ళుకున్నాడు. దాన్ని ఏమనాలో నాకూ తెలియదు.

"ఇంకేం ముక్కలున్నాయో చూసుకో" అన్నాడు విసురుగా. "నీకు తెలివితేటలు ఎక్కువ కదా."

నళిని చూసుకుంది. వరండాలో చెత్తబుట్ట ఉంది, అందులో ముక్కలన్నీ కత్తిరించేశాక మిగిలిన ఉత్త చట్రాలున్నాయి. పుల్లలు, అంతే. మిగిలినవాటిలోకెల్లా మిగిలినవి. వాటిని ఎవరూ దాచరు. నళిని వాటిని ఏరి, కుళాయి కింద కడిగి, తుడిచి, ఒడిలో పెట్టుకుని కూర్చుంది. హేమంత్ అటువైపు చూసి నవ్వుకున్నాడు. పుల్లలతో ఏం చేస్తుందట?

ఆ తర్వాత పూజ వరకు ఇంట్లో మాటల్లేవు. "అన్నం", "తాళాలు", "మంచినీళ్ళు" లాంటివి మాటల కిందకి రావు. నళిని అడగకుండానే అతని ఆకురాయి వాడుకుంది. పొడుగాటి పుల్ల ఒకటి నున్నగా అరగదీసి, దానికి గోళ్ళ రంగుతో ఎర్ర చారలు పెట్టింది. పొట్టి పుల్లలతో ఒక గూడులాంటిది కట్టింది. కోటమ్మ పూలు కట్టే దారం తెచ్చి ఇచ్చింది. హేమంత్ దూరం నుంచి చూస్తూ అదేమిటో అడగకుండా ఉండడానికి నానా అవస్థా పడ్డాడు. ఒకసారి ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు దగ్గరికి వెళ్ళాడు కూడా. ఆమె దాని మీద చీర చెంగు ముక్క కప్పి ఉంచింది. ఎత్తి చూడ్డానికి అభిమానం అడ్డొచ్చింది, చూడకుండా పోవడానికి కాళ్ళు రాలేదు.

పూజ నాడు మిల్లులో మోత లేదు. రోజూ నిప్పులు కక్కే చోట ముగ్గులు, బంతిపూలు. ఏనుగు మీద విశ్వకర్మ, ఆయన పాదాల ముందు సుత్తులు, స్పానర్లు, గ్యాసు కట్టర్లు, అన్నిటికీ కుంకుమ బొట్లు. ఆ ఒక్క రోజు పనిముట్టు పని చెయ్యకూడదు. దేవుడి దగ్గర పెట్టింది మర్నాడు పొద్దున దాకా ఎవరూ ముట్టరు. హేమంత్ కూడా తన బుల్లి కట్టరు, ఆకురాయి తెచ్చి, ఎర్ర దారం చుట్టి, అందరికీ కనిపించేలా ముందు వరసలో పెట్టాడు.

బల్ల మీద నళిని ధాబా ఉన్న చెక్క పలక దించింది. ధాబా ముందు లారీకి సరిపడా జాగా ఖాళీగా ఉంచింది. హేమంత్ లారీ తెచ్చి అందులో పెట్టాడు. దాని ముందు ఏదో వస్తువు మీద గుడ్డ కప్పి ఉంది గానీ, అతని దృష్టి దాని మీద లేదు. ఎందుకంటే అప్పటికే మిల్లు లారీల డ్రైవర్లు అతని చుట్టూ మూగారు.

"ఏ దారీ అసలీ గాడీ బనాయే హవ, సాహెబ్!" అన్నాడు ఆరంగ్ ఊరి డ్రైవరొకడు. ఈసారి అసలు బండి చేశావన్నాడు. "ఇన్నేళ్ళూ విలాయతీ గాడీలు చేశావు. అద్దాలు, హారన్లు, నెత్తిన చక్రం... ఇదీ, మన టాటీబంధ్ లారీ అడ్డాలో నిలబడే బండి!"

హేమంత్‌కి ఒళ్ళంతా పులకరించింది. ఎన్నేళ్ళ నుంచో ఎదురుచూసిన మాట. నెత్తిన చక్రం అద్భుతమట! అదెలా వచ్చిందో మర్చిపోయి, నిజంగానే తన తెలివే అనుకుని, మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. ఓరకంట నళినిని చూశాడు, మొదటిసారి ఆమె మొహంలో ఏదైనా కనిపిస్తుందేమోనని. ఆమె గుమ్మం వైపు చూస్తోంది.

అభన్‌పూర్ నుంచి ఆమె తండ్రి గురునాథం వచ్చాడు. కర్ర ఊతంతో మెల్లగా బల్ల దగ్గరికి నడిచాడు. అతను వచ్చి నిలబడ్డాకే నళిని గుడ్డ తీసింది.

లారీ ముందు రైలు గేటు. ఎర్ర చారల అడ్డకర్ర కిందికి దిగి ఉంది. పక్కన గేట్‌మ్యాను గూడు, గూడు ముందు చిన్న గుంజ, గుంజ నుంచి అడ్డకర్రకి పూలదారం. లారీ సరిగ్గా గేటు ముందు ఆగి, గేటెప్పుడు తీస్తారా అని చూస్తున్నట్టుంది.

"అరే వాహ్!" అన్నాడు గిరిధర్. "చిన్న రైలు గేటు! ఉఠావో భాయీ, గాడీ జానే దో." వేలితో అడ్డకర్ర ఎత్తాడు. వదలగానే టప్పున కింద పడింది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ పడింది. జనం నవ్వారు.

గురునాథం నవ్వలేదు. గూడు వైపే చూస్తున్నాడు. తను గేట్‌మ్యానుగా పనిచేసిన నారోగేజి చిన్న రైలు పట్టాలు పీకేశాక, గేటు తీసేశాక, ఆ చోటికి అతను మళ్ళీ వెళ్ళలేదని నళిని ఎప్పుడో చెప్పింది. అతను చెయ్యి చాపాడు. వేళ్ళు తమంతట తామే గుంజ దగ్గరికి వెళ్ళి, దాని కొన పట్టుకుని, తిప్పబోయి ఆగిపోయాయి. అక్కడ తిప్పడానికి ఏమీ లేదు. గుంజ కొసన ఒక ఖాళీ మేకు, అంతే.

"అమ్మీ, సక్రమేదే?" అన్నాడు. "సక్రం తిప్పితేనే కదే గేటు లేస్తాది. సక్రం ఎట్టలేదేటి?"

నళిని తల వంచుకుంది. ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు.

భరిణెలోని దూది ఎవరి కోసమో హేమంత్‌కి అప్పుడు తెలిసింది. తెలిసీ తెలియగానే మొహం పక్కకి తిప్పుకున్నాడు. కానీ గురునాథం గేట్‌మ్యాను. ఆగిన బండిని కింద నుంచి పైదాకా చూడడం అతనికి అలవాటు. చక్రాలు, బంపరు, అద్దాలు, నుదురు.

"అల్లుడుగారూ, ఆ లారీ నెత్తి మీదున్నదేటండీ? మా గేటు సక్రంలాగే ఉందే?"

డ్రైవర్లు, గిరిధర్, భావన, కోటమ్మ, అందరూ హేమంత్ వైపు తిరిగారు. హేమంత్ కళ్ళు కట్టరు కోసం వెతికాయి. అది దేవుడి ముందు బొట్టు పెట్టుకుని, ఎర్ర దారం చుట్టుకుని పడుకుని ఉంది. ఇవాళ దాన్ని ముట్టడానికి లేదు. అతనే పెట్టాడు. ఇక మిగిలింది వేళ్ళే.

బొటనవేలు, చూపుడువేలు పలక మీదికి వెళ్ళాయి. స్టీరింగుని పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. చిటికెలో పట్టిన గమ్ము చిటికెలో వదల్లేదు. గట్టిగా లాగాడు. టక్‌మంది.

వచ్చింది చక్రం ఒక్కటే కాదు. 'హేమంత్ రోడ్‌లైన్స్' పలక కూడా ఊడి వచ్చింది. లారీ నుదురు బోసిపోయింది. ఇందాక పొగిడిన డ్రైవరు "అర్రె" అని నాలుక కరుచుకున్నాడు. హేమంత్ రెండిటినీ గుప్పిట్లో పెట్టి మూసేశాడు.

"పలక మళ్ళీ అంటిద్దాం లెండి" అంది నళిని నెమ్మదిగా, అతనికి మాత్రమే వినిపించేలా. అరచెయ్యి చాపింది. "నాకు చక్రం ఇవ్వండి. నాన్న నిలబడి ఉన్నారు."

గురునాథం వేళ్ళు ఇంకా ఖాళీ మేకు మీదే ఉన్నాయి. గేటు మూసే ఉంది. హేమంత్ ఆ ముసలి వేళ్ళని చూశాడు, భార్య అరచేతిని చూశాడు. ఇవ్వాలని తెలుసు. ఇస్తే గేటు లేస్తుంది, చప్పట్లు కొడతారు, ఆ చప్పట్లు నళినివి. తన బోసి లారీ దాని కింద నుంచి వెళ్తుంది. అదీ తెలుసు.

గుప్పిట్లో చక్రం అంచు అరచేతికి గుచ్చుకుంటోంది. నళిని చెయ్యి చాపే ఉంది.

హేమంత్ గుప్పిట విప్పలేదు.